తెల్లగా తోమిన వేర్లు

దగ్గరికి జరగండమ్మా. ఆ కుర్చీ ఇటు లాక్కోండి, పొయ్యి పక్కన వెచ్చగా ఉంటుంది. పోయినవారం డెల్ఫాని వాళ్ళ అరుగు మెట్టు మీద నిలబెట్టి వెళ్ళిపోయాను కదా. పాపం, పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది.

అరుగు మీద వాళ్ళమ్మ వర్డీ. ముందు రేకు తొట్టి, తొట్టి నిండా సబ్బు నురగ. చేతిలో నేల రుద్దే బ్రష్షు. పక్కన పరిచిన పాత దుప్పటి మీద, డెల్ఫా నెల్లాళ్ళుగా కొండంతా గాలించి తవ్వుకొచ్చిన జిన్‌సెంగ్ వేర్లు. ఒక్కొక్కటీ చెక్కు తీసిన ముల్లంగిలా తెల్లగా మెరిసిపోతోంది.

"ఏం చేశావమ్మా?" అంది డెల్ఫా.

"కళ్ళు లేవా? కడిగాను. ఒక్కొక్కదాని ముడతల్లో శేరు మన్ను. పొద్దుటినుంచీ తోముతుంటే నడుం పడిపోయింది. కొట్టుకి తీసుకెళ్తానని నిన్ననే చెప్పి ఉంటే నిన్ననే మొదలుపెట్టేదాన్ని."

"బ్రష్షుతోనా?"

"మరి నాలికతోనా?"

అరుగు మూల ఊగే కుర్చీలో ఎస్టిల్ కూర్చుని ఉన్నాడు, డెల్ఫా తండ్రి. బొగ్గు గని ఆయన ఊపిరితిత్తుల్ని తినేసి, తొక్క మాత్రం ఇంటికి పంపింది. వాగుదాకా వెళ్ళొస్తే చాలు, పూటంతా ఆయాసం. నవ్వబోయి దగ్గాడు. "నేను లేచేసరికే సగం అయిపోయాయే తల్లీ. మీ అమ్మ చేతికి బొగ్గిచ్చినా తెల్లగా తోమి ఇస్తుంది."

"నువ్వు ఊరుకో" అన్నారు తల్లీ కూతుళ్ళిద్దరూ ఒక్కసారే.

జిన్‌సెంగ్ అంటే మా కెంటకీ కొండల్లో పేదవాడి బంగారం. ఆకు పండే రోజుల్లో చెట్ల నీడన చిన్న మొక్క, నెత్తిన ఎర్రటి పళ్ళ గుత్తి. దాని కింద మనిషి ఆకారంలో వేరు. ఆ వేరు ఓడెక్కి చీనా దేశం పోతుంది, మందుకి. దాని నడుము చుట్టూ ఉంగరాల్లాంటి ముడతలుంటాయి. ఆ ముడతల్లో నల్లమన్ను నిలిచి ఉండాలి. అదే దాని సాక్ష్యం, అడవిలో పుట్టానని చెప్పుకునే సాక్ష్యం. నీళ్ళలో ఒక్కసారి ముంచి, ఊపి, నీడన ఆరబెట్టాలి. అంతే. తోమితే తోటలో పెంచిన దుంపకీ దానికీ తేడా తెలీదు. కొనేవాడు పెదవి విరుస్తాడు.

ఆ సంగతి మా లోయలో పాలు మరవని పిల్లకి కూడా తెలుసు. వర్డీకి తెలీదు. ఆవిడ కొండమనిషి కాదు మరి, గని కాలనీలో పుట్టిన పిల్ల. పెళ్ళై వచ్చాక అత్తగారు కోడలికి వంటిల్లు ఇచ్చింది, ఆవునిచ్చింది, కొడుకునిచ్చింది. వేర్ల పని మాత్రం ఇవ్వలేదు.

"మామ్మ ఎప్పుడైనా ఇలా తోమిందా?" అంది డెల్ఫా.

"మీ మామ్మ నన్నెప్పుడు ముట్టుకోనిచ్చింది! నేను పక్కకి వస్తే మూట మీద పైట కప్పినట్టు కప్పేసేది."

"సోమవారం నర్సుల బడి తెరుస్తారమ్మా. రుసుము కట్టాలి. రెండు తెల్ల గౌన్లు, తెల్ల బూట్లు నా డబ్బుతో కొనుక్కుని వెళ్ళాలి. అవి లేకుండా వెళ్తే నా చోటు ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఆ గౌన్లూ బూట్లూ అన్నీ ఈ వేర్లే. ఇప్పుడు నువ్వు తొట్టిలో కలిపేశావు."

వర్డీ చేతిలో బ్రష్షు ఆగింది. కానీ తల దించలేదు.

"మురికి మూట పట్టుకుని స్టాంపర్ కొట్టుకి వెళ్తావా నలుగురిలోకి? పేదవాళ్ళం, సరే. మురికివాళ్ళం కాదు."

ఈ మాట వెనకాల ఇంకో మాట ఉంది. డెల్ఫాకి తెలుసు, అందుకే అరవబోయిన నోరు అలాగే ఉండిపోయింది. వర్డీ చిన్నప్పుడు బళ్ళో పంతులమ్మ ఆ పిల్లని ముందుకి పిలిచి, తడిగుడ్డతో మెడ తుడిచి, బొగ్గుమసి అంటిన గుడ్డని పిల్లలందరికీ ఎత్తి చూపించిందట. ఆ రోజు నుంచీ వర్డీ ఆ బడి గడప తొక్కలేదు. ఆ రోజు నుంచీ తోముతూనే ఉంది. నేల, గిన్నెలు, పిల్ల చెవుల వెనక, మొగుడి వీపు. ఇప్పుడు వేర్లు.

అలాంటి మనిషి మీద ఏమని కోప్పడతావు? కోప్పడకుండా మాత్రం ఎలా ఉంటావు?

ఆ రాత్రి మొక్కజొన్న రొట్టె, ఉడికించిన చిక్కుడుగింజలు. ముగ్గురూ తిన్నారు. మజ్జిగ పోయించుకోడానికి కూడా ఎస్టిల్ గ్లాసు ముందుకి తోశాడే గానీ నోరు తెరవలేదు.

*

మర్నాడు శుక్రవారం. చర్చికి పెట్టుకునే ఆదివారం టోపీ పెట్టుకుని వర్డీ కూడా కూతురి వెంట కొట్టుకి బయల్దేరింది. రావద్దంటే వినలేదు.

ఓర్విల్ స్టాంపర్ అంటే మా లోయకి కొట్టు, తక్కెడ, కబురు, అన్నీ ఆయనే. వేరు కొనేదీ ఆయనే, ఆ డబ్బుకి పిండీ చక్కెరా అమ్మేదీ ఆయనే. ఒక జేబులోంచి తీసి ఇంకో జేబులో వేసుకునేవాడు, మధ్యలో మనకి చూపించేవాడు.

మూట విప్పి తక్కెడలో పొయ్యగానే ఒక వేరు తీశాడు. తిప్పి చూశాడు. ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పొయ్యి చుట్టూ కూర్చున్న మగవాళ్ళకి వినబడేలా పీల్చాడు.

"వర్డీ, నీ కూతురు జిన్‌సెంగ్ తెచ్చిందా, సబ్బుముక్కలు తెచ్చిందా?"

పొయ్యి దగ్గర నవ్వులు. ఒకడైతే తొడ కొట్టుకున్నాడు.

"అడవిలో తవ్వినవే, స్టాంపర్‌గారూ" అంది డెల్ఫా. "మీకు తెలుసు. నేను తవ్వుతుంటే మీ తమ్ముడు కూడా చూశాడు."

"నాకు తెలిస్తే సరిపోతుందా? చీనావాడికి నేను ఉత్తరం రాయాలా? మంచి వేరుకిచ్చే ధరలో పావు వంతు ఇస్తా. అదీ మీ నాన్న మొహం చూసి." చేతిలో వేరు తక్కెడలో పడేశాడు. "లేదంటే మా ఆవిడ కబురు ఉండనే ఉంది. వంటింట్లో మనిషి కావాలి. తిండి, పడక మాదే. నర్సు బడి ఎక్కడికి పోతుందిలే. పైగా తోమడం మీ ఇంటా వంటా ఉన్న విద్యేగా."

మళ్ళీ నవ్వులు. వర్డీ మెడ కింది నుంచి చెవులదాకా ఎర్రబడింది. డెల్ఫా ఆ మెడ చూసింది. అదే మెడ. అప్పుడు తడిగుడ్డ, ఇప్పుడు ఈ నవ్వు.

ఒక్కొక్క వేరూ తక్కెడలోంచి తీసి మూటలో వేసుకోడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నావు?"

"తీసుకెళ్తున్నా."

"ఎక్కడికి? ఈ లోయలో నా తక్కెడ కాక ఇంకో తక్కెడ ఉందా?"

"లోయలో లేదు. కొండ అవతల ఉంది."

నవ్వులు ఆగిపోయాయి. కొండ అవతల రైలుస్టేషను దగ్గరికి ఈ కాలంలో శనివారం శనివారం బయటి వ్యాపారి ఒకడొస్తాడని, మధ్యాహ్నం బండికి వెళ్ళిపోతాడని అందరికీ తెలుసు. వెళ్ళేవాళ్ళే లేరు. ఎందుకో ఇప్పుడు స్టాంపర్ నోటితోనే వినండి.

"వెళ్ళు. అక్కడ అమ్మినవాళ్ళకి నా కొట్టులో ఉప్పు కూడా అరువు పుట్టదు. వచ్చేది చలికాలం. మీ నాన్నని అడిగి వెళ్ళు."

వర్డీ గుమ్మం దగ్గర వెనక్కి తిరిగింది. టోపీ సరిచేసుకుంది.

"ఉప్పు లేని కూడు మాకు కొత్త కాదు, ఓర్విల్."

*

వాగుదాకా ఇద్దరూ విసవిసా నడిచారు. చెక్కవంతెన మీద వర్డీ ఆగి తన చేతులు చూసుకుంది. సబ్బుకి పగిలిన చేతులు.

"నేనే పాడుచేశాను."

"అవును. నువ్వే."

"కాదని ఒక్క మాట అనొచ్చుగా, దొంగముండా."

"అబద్ధం చెప్పొద్దని నువ్వేగా నేర్పావు" అంది డెల్ఫా. తర్వాత తల్లి చెయ్యి పట్టుకుంది. "పాడుచేశావు. అయినా వాడు నవ్వుకోడానికి నువ్వు వాడి సొత్తు కాదు."

వర్డీ చెయ్యి విడిపించుకోలేదు. కానీ కొండ అవతలివాడు మాత్రం తోమిన వేరుకి పూర్తి ధర ఇస్తాడా? వాడూ వ్యాపారే. ఇద్దరూ అదే ఆలోచిస్తున్నారు. వర్డీయే బయటపెట్టింది.

"మీ మామ్మ పాదు ఉంది."

డెల్ఫా తలెత్తింది. ఆ మాట ఆ ఇంట్లో గుడిలో మాటలా మెల్లగా అనేవాళ్ళు. లోయ తలదగ్గర పెద్ద చెట్ల నీడన మామ్మ స్వయంగా గింజలు పాతి, తన కాలమంతా కాపాడిన జిన్‌సెంగ్ పాదు. పోయేముందు కొడుకు చెయ్యి పట్టుకుని, 'ఇల్లు మునిగే రోజుదాకా దాన్ని ముట్టొద్దు' అంది. గని మూతపడినప్పుడు ఎస్టిల్ ముట్టలేదు, పాత ఆవు చచ్చినప్పుడు ముట్టలేదు.

"నాన్న ఒప్పుకోడు."

"ఇల్లు ఇంకెంత మునగాలట? పొగగొట్టం కూడా మునగాలా? నడు. అడిగితే కాదంటాడు. అడగకపోతే కాదనలేడు."

టోపీతోనే కొండెక్కింది వర్డీ. ముళ్ళకంపలు టోపీ లాగుతుంటే వాటిని తిడుతూ ఎక్కింది.

పైకి వెళ్ళేసరికి పాదు లేదు.

చెట్లున్నాయి, నీడ ఉంది, రాలిన ఆకులున్నాయి. మొక్క ఒక్కటి కూడా లేదు. వర్డీ నేల మీద కూలబడింది. "దొంగలు పడ్డారే! ముసల్దాని ప్రాణం తవ్వుకుపోయారే!"

డెల్ఫా మోకాళ్ళ మీద కూర్చుని ఆకులు పక్కకి తోసింది. కింద అరచేతంత బల్లపరుపు రాయి. పక్కన ఇంకోటి. ఆ పక్కన ఇంకోటి. ఒక రాయి ఎత్తి చూసింది. మెత్తగా చేసిన మన్ను, మన్నులో జిన్‌సెంగ్ గింజలు. ఆ గింజ రెండో వసంతానికి గానీ మొలవదు. రాళ్ళ మీద అప్పుడే నాచు పట్టింది, పాతినవాడు పోయినేడే పాతాడన్నమాట.

వేరు తవ్విన గుంటలోనే దాని గింజ పాతడం మా కొండల్లో మర్యాద. అందరూ చేస్తారు. కానీ ఎలుకలు తినకుండా పైన రాయి పెట్టడం మాత్రం ఒక్క మామ్మ ఇంటి అలవాటు. ఇంకెవరికీ అంత ఓపిక లేదు.

"దొంగ కాదమ్మా" అంది డెల్ఫా. "దొంగ గింజ పాతడు. పాతినా రాయి పెట్టడు."

తల్లీ కూతుళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఇంట్లో రాయి పెట్టడం తెలిసినవాళ్ళు ఇద్దరే. అందులో ఒకతె ఇక్కడ మోకాళ్ళ మీద ఉంది.

*

ఎస్టిల్ అరుగు మీదే ఉన్నాడు. వాళ్ళ చెప్పులకంటిన మన్ను చూశాడు. ఎర్రమన్ను కాదు, కొండపైన మాత్రమే ఉండే నల్లమన్ను. చూపు తిప్పుకున్నాడు.

వర్డీ మెట్టు మీద కూర్చుని మెల్లగా అడిగింది. "ఎక్కడ పెట్టావు?"

ఎస్టిల్ కుర్చీ ఊపడం ఆపాడు.

"పొగగది అటక మీద" అన్నాడు. "గనిలోకి పెట్టుకెళ్ళే టోపీ వెనకాల."

మాంసం పొగబెట్టి దాచుకునే ఆ గదిలో డెల్ఫా నిచ్చెనెక్కి తెచ్చింది. గోనెసంచి. విప్పితే లావాటి ముదురు వేర్లు, నీడన ఎండి, ముడత ముడతలో నల్లమన్నుతో. అలాంటి వేర్లు డెల్ఫా పుట్టి చూడలేదు.

"పోయినేడు ఉడతల వేటకని వెళ్ళేవాడివి" అంది వర్డీ. "ఒక్క ఉడతా తెచ్చేవాడివి కాదు. నీ గురి పోయిందనుకున్నా."

"చెట్టు చెట్టుకీ కూర్చుంటూ వెళ్ళేవాణ్ణి. ఒక రోజు రెండు మొక్కలు, ఒక రోజు మూడు."

"ఎందుకు దాచావు నాన్నా?"

"శవప్పెట్టెకి."

దగ్గు వచ్చింది. దగ్గు అయ్యేదాకా ఇద్దరూ ఆగారు.

"ఇరా పోయినప్పుడు చూశారుగా. నాతోపాటు గనిలో పనిచేసినవాడు, నాకంటే బలమైనవాడు. సర్కారువాళ్ళు అట్టపెట్టెలాంటిది ఇచ్చారు. పాస్టరుగారు శవం పక్కన నిలబడి, జనంలోకి చందాకి టోపీ తిప్పారు. స్టాంపర్ అందరికీ కనబడేలా నోటు వేశాడు. ఇరా భార్య ఆ నోటు వంక చూడలేక గోడ వంక చూసింది. నా మీద టోపీ తిప్పించుకోను. అంతే. అమ్మ 'ఇల్లు మునిగే రోజు' అంది. నా మీద టోపీ తిరిగే రోజే ఆ రోజనిపించింది నాకు."

డెల్ఫా సంచి మూతి ముడిచి ఆయన కాళ్ళ దగ్గర పెట్టింది.

"నాకొద్దు."

"ఎవరిచ్చారు నీకు? నేనింకా ఇవ్వలేదు."

"ఇచ్చినా వద్దు. నీ చావు అమ్ముకుని తెల్లబూట్లు కొనుక్కుంటానా?"

"ఏం, స్టాంపర్ వంటింట్లో గిన్నెలు తోముతావా?"

"తోముతా. అక్కడా తోముతా, ఇంకోచోటా తోముతా. ఎలాగో బడికి వెళ్తా. నీ పెట్టె ముట్టుకోను."

"నా మొండితనం ఎవరికొచ్చిందో అనుకుంటున్నా ఇన్నాళ్ళూ."

"ఇద్దరూ నోళ్ళు మూస్తారా!" వర్డీ లేచింది. ఆ లేవడంలో తొట్టి ఎగిరి కింద పడింది. "ఏవయ్యా, నీకు పెట్టె కావాలంటే ముందు నువ్వు చావాలి. చావాలంటే నన్నడగాలి. అడుగు."

ఎస్టిల్ తెల్లబోయి చూశాడు. "అడిగితే?"

"ఇవ్వను సెలవు. ఈ ఇంట్లో ఎవరికీ చావడానికి సెలవు లేదు. ఉన్న నాలుగు వేర్లూ బతికేవాళ్ళకే. అది నర్సయి జీతం తెచ్చాక నీకు వాల్‌నట్ చెక్కతో చేయిస్తా పెట్టె, ఇత్తడి పిడులతో. రోజూ తోముతా దాన్ని, నీ మొహం కనబడేలా. అప్పటిదాకా ఊపిరి పీలుస్తూ కూర్చో."

ఆయన నవ్వాడు. నవ్వు దగ్గయింది, దగ్గు కన్నీళ్ళయింది. కళ్ళు తుడుచుకుని, కుర్చీని కొండవైపు తిప్పుకున్నాడు.

సరేననలేదు. వద్దనీ అనలేదు. చీకటి పడేదాకా అలాగే కూర్చున్నాడు, సంచి కాళ్ళ దగ్గరే ఉంది.

*

శనివారం తెల్లవారుతూనే డెల్ఫా తలుపు తీసింది. తోమిన వేర్ల మూట ఒక్కటే తీసుకుని వెళ్ళాలని రాత్రే అనుకుంది, ఎంత వస్తే అంత.

గడప మీద గోనెసంచి ఉంది. మూతి గట్టిగా కట్టి ఉంది, తోలు బూటు లేసుతో.

ఎస్టిల్ కుర్చీలో ఉన్నాడు, వీపు ఇటు పెట్టి. డెల్ఫా 'నాన్నా' అంది. వీపు పలకలేదు. వర్డీ వచ్చి సంచి చూసింది, లేసు చూసింది, వీపు చూసింది. సంచి భుజానికెత్తుకుంది.

స్టాంపర్ కొట్టు ముందునుంచే పోవాలి దారి. ఆయన వాకిట్లో చీపురు పట్టుకుని ఉన్నాడు. రెండో సంచి చూడగానే చీపురు ఆగింది.

"వర్డీ! ఆ గోనెలోదేంటి? ఇలా తీసుకురా. మనలో మనకేంటి, మాట్లాడుకుందాం."

"మంచి వేర్లు, ఓర్విల్" అంది వర్డీ, నడక ఆపకుండా. "ఒక్కటీ కడగలేదు."

కొండదారి మెలికలు తిరుగుతూ పోతుంది. మొదటి మెలిక దగ్గర తిరిగి చూస్తే ఇల్లు అగ్గిపెట్టెంత కనబడుతుంది. డెల్ఫా తిరిగి చూసింది. అరుగు ఉంది, ఊగే కుర్చీ ఉంది.

కుర్చీలో మనిషి లేడు.

లోపలికి వెళ్ళి ఉంటాడనుకుంది. అప్పుడు కింద దారిలో ఏదో కదిలింది. వంగిన మనిషి, చేతిలో కర్ర, నెత్తిన ఆదివారం టోపీ. నాలుగడుగులు నడుస్తాడు, చెట్టుకి ఆనుకుంటాడు, మళ్ళీ నడుస్తాడు. లేసు లేని బూటు అడుగడుక్కీ మడమ నుంచి జారుతోంది.

"అమ్మా! నాన్న వస్తున్నాడు!"

వర్డీ చూసింది. కొండ అవతలికి బాగున్నవాళ్ళకే సగం రోజు నడక. డాక్టరు మెట్లెక్కొద్దన్న మనిషి.

"నేను వెళ్ళి ఆపుతా" అని డెల్ఫా తిరగబోయింది.

వర్డీ జబ్బ పట్టుకుంది. గట్టిగా, వేళ్ళు దిగేలా.

"ఆగకు."

"అమ్మా, చచ్చిపోతాడు!"

"మనం ఆగితే కూర్చుంటాడు. కూర్చుంటే లేవడు. నాకు తెలుసు ఆయన సంగతి. మన వీపులు కనబడుతున్నంతసేపూ ఆయన నడుస్తాడు. నడువు."

"ఇది న్యాయమా?"

"ఊపిరి పీలుస్తూ కుర్చీలో కూర్చోమన్నాను. కొండెక్కుతున్నాడు. నా మాట వినని మొగుడికి ఇంతకంటే న్యాయం నాకు తెలీదు." వర్డీ కాలు ఆగలేదు. "చిన్న అడుగులు వెయ్యి. కనబడకుండా మాత్రం పోకు."

డెల్ఫా నడిచింది. చిన్న అడుగులు వేసింది. కొండ అవతల ఎక్కడో పొద్దుటి రైలు కూత సన్నగా వినబడింది. వెనక దగ్గు. దగ్గు వినబడితే ఉన్నాడన్నమాట. ఇంకో మెలిక. మళ్ళీ దగ్గు. ఇంకో మెలిక.

ఈసారి దగ్గు వినబడలేదు. చెవులు వెనక్కి పెట్టి, కళ్ళు ముందుకి పెట్టి, ఆ తల్లీ కూతుళ్ళు నడుస్తూనే ఉన్నారు.

ఇక పొయ్యి చల్లారింది, ఇళ్ళకి వెళ్ళండమ్మా. కానీ ఈ ముగ్గుర్నీ ఆ దారిమీద మర్చిపోకండి. ఇంట్లో పిల్లలకి చెప్పండి: పేదవాళ్ళం, మురికివాళ్ళం కాదని ఒకావిడ అందని చెప్పండి. ఉప్పు లేని కూడు మాకు కొత్త కాదందని చెప్పండి. తవ్వినచోట గింజ పాతి, మీద రాయి పెట్టడం నేర్పండి. వచ్చేవారం నా జ్ఞాపకం జారిపోతే, కథ ఏ మెలిక దగ్గర ఆపానో మీరే నాకు చెప్పాలి.